నట్టు బిగించిన చేయి, చూచిన కన్ను

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)



విజ్ఞాన విషయమేదైనా చెప్పమని సంఘంవారు కోరినారు. నేను చదివినది తెలుగు, చరిత్ర. కనుక నా చేతితో తాకి చూచిన ఒక సంగతి మాత్రమే చెబుతాను.

మా తండ్రిగారు పెరంబూరు రైల్వే కర్మాగారంలో ఫిట్టరు. నేనూ, మా తమ్ముడూ ఈ బడిలోనే చదువుకొన్నాము. తమ్ముడు అమెరికాలో ఇంజనీరు. ఆ దేశంలో విడిభాగాలు తెప్పించుకొని ఇంటివద్దనే చిన్న విమానం కట్టుకొనవచ్చును. కట్టినవాడు అర్హతపత్రం పొందితే, ఏటేటా జరుగవలసిన తనిఖీ కూడా తానే చేసి సంతకం పెట్టవచ్చును. 2023 వేసవిలో నేను వెళ్ళేసరికి వాడి కారు షెడ్డులో రెండు సీట్ల విమానం, మూతలన్నీ విప్పి ఉన్నది. తనిఖీ ముగింపుకు వచ్చినది.

"అక్కా, ఈ జాబితా నువ్వు చదువు, నేను చూస్తాను" అన్నాడు.

"నువ్వు చదువు, నేను చూస్తాను" అన్నాను. నవ్వి టార్చిలైటు చేతికిచ్చినాడు.

విమానం నడిపేవాని చేతిలోని కర్ర నుండి తోకలోని ఎలివేటరు వరకు కడ్డీలు పోతాయి. కీలు కీలుకు ఒక బోల్టు. కీలుతోపాటు బోల్టు తిరిగే అవకాశమున్నచోట కోట బురుజువలె గాడులున్న నట్టు వేసి, స్ప్లిట్ పిన్ను దూర్చి కొసలు వంచుతారు. తిరగనిచోట లోపల నైలాను వలయమున్న నట్టు చాలును. అయితే అది వ్రేళ్ళతోనే తిరిగిపోతే వలయం అరిగినదని పారవేయవలసినదే. బోల్టు కొస నట్టును దాటి కనబడాలి. బిగించిన పిమ్మట నట్టు మీదుగా రంగు గీత గీస్తారు. నట్టు కదిలితే గీత తెగుతుంది. వీలైనచోట బోల్టు తల పైకి ఉంచుతారు. నట్టు ఊడినా బోల్టు జారిపోకుండా ఉండడానికి అది.

తోకలోని ఒక కీలు దగ్గర నాకు గీత కనబడలేదు. చేయి పెట్టి చూచినాను. నట్టు తిరిగినది. పిన్ను లేదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన నోటుపుస్తకం తెచ్చినాడు. ఆ కీలు విప్పి మరల కూర్చిన రాత్రి, నాన్నగారి పరిస్థితి విషమించినదని చెన్నై నుండి ఫోను వచ్చినది. చేసినది నేనే. వాడు పని అక్కడే విడిచి బయలుదేరినాడు. కర్మలన్నీ ముగించుకొని తిరిగి వెళ్ళినాక, ఆ కీలు పూర్తయినదనే అనుకొన్నాడు. కర్రను అటూ ఇటూ త్రిప్పితే అన్నీ చక్కగా కదిలినాయి. పిన్ను లేకున్నా, బోల్టు ఊడేవరకు కదులుతూనే ఉంటాయి గదా!

ఇది ఇంటిలో కట్టిన విమానాలకే వచ్చే పొరపాటు కాదు. 2000 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో డీసీ-8 సరుకుల విమానం కూలి ముగ్గురు మరణించినారు. ఎలివేటరు ట్యాబును కదిలించే కడ్డీ విడిపోయినది. దాని బోల్టును సరిగా భద్రపరచలేదని దర్యాప్తులో తేలినది. 2011 సెప్టెంబరులో రెనో విమాన పందేలలో 11 మంది చనిపోయినారు. అక్కడ తోకలోని ట్రిమ్ ట్యాబు మరలను పట్టి ఉంచే లాకు నట్లలోని వలయాలు పాతబడి చెడిపోయినాయి.

బ్రిటనులో ఇటువంటి కీళ్ళు విప్పి కూర్చితే, రెండవ మనిషి విడిగా చూచి సంతకం చేయాలని నియమం ఉన్నది. మన పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు వేరే బడి ఉపాధ్యాయులు దిద్దడం లేదా? మొదట్లో నాకు అది అవమానంగా తోచేది.

నాన్నగారు బ్రేకు కడ్డీల పిన్నులను చేతితో తాకి గాని "సరే" అనేవారు కారు. తమ్ముడు కొత్త పిన్ను వేసి కొసలు వంచినాడు. నేను తాకి చూచినాను, గీత గీసినాను. వాడు పుస్తకంలో తేదీ వ్రాసి, పక్కన నన్నూ సంతకం చేయమన్నాడు. దానికి చట్టరీత్యా విలువ ఏమీ లేదు. తెలుగులో చేసినాను.

ఆ తరువాతి ఆదివారం నన్ను పక్క సీటులో కూర్చోబెట్టుకొని పది నిమిషాలు త్రిప్పినాడు. భయపడలేదని మాత్రం చెప్పలేను.