నలభై ఐదో రోజు దాకా

స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గురించి నాలుగు మంచిమాటలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం మాత్రం బతికున్న మనిషి గురించి. ఏ పరీక్షలోనూ ఏ రోగమూ తేలకపోయినా, వచ్చేసిందన్న అనుమానంతో రోజూ కొంత కొంత చస్తున్న మనిషి గురించి.

అతనికి పేరు అక్కర్లేదు. ఇలాంటివాళ్ళకు ఎదురయ్యే సంగతులన్నీ కలిపి ఒక్క మనిషిగా ఊహించుకుంటే చాలు. ఊరు జగిత్యాల వైపు. పని జిజాన్‌లో. సౌదీకి నైరుతి మూలన, ఎర్రసముద్రం ఒడ్డున, యెమెన్ సరిహద్దుకు కాస్త ఇవతల ఉన్న రేవు పట్నం అది. రోజుకు 4 లక్షల బ్యారెళ్ళ ముడిచమురు శుద్ధి చేసేలా కట్టిన అరామ్కో రిఫైనరీ ఆ ప్రాంతంలోనే ఉంది. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తూ మనవాడు బొంబాయిలో ఒక రాత్రి ఆగాడు. ఆ రాత్రి జరగకూడనిది ఒకటి జరిగింది. కండోమ్ వాడాడా, వాడితే చిరిగిందా అన్నది అతనికే సరిగా గుర్తు లేదు. విమానం ఎక్కేటప్పటికి ఆ సంగతి మరిచిపోయాడు కూడా. మూడో వారంలో గొంతు నొప్పి పట్టుకుంది. కథ అక్కడ మొదలైంది.

క్యాంపులో అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో ఫోను వెలుగుతుంది. గొంతు నొప్పి అని కొడితే హెచ్ఐవీ అని వచ్చింది. జ్వరం అని కొట్టినా అదే. రాత్రి చెమటలు అని కొట్టినా అదే. జిజాన్‌లో రాత్రి చెమట పట్టనివాడెవడు? సముద్రపు ఉక్కకు ఏసీ పదినిమిషాలు ఆగితే తలగడ తడిసిపోతుంది. గజ్జల్లో దురద పుట్టింది. ఆ ఉక్కలో, బిగుతు ప్యాంటులో, పన్నెండు గంటల డ్యూటీలో తామర రాకపోతేనే వింత. అతనికి మాత్రం అది సుఖవ్యాధి మొదటి మచ్చగా కనిపించింది. పొద్దున్నే బాత్రూం అద్దం ముందు నాలుక చాపి చూసుకుంటాడు. పాల చాయ తాగిన నాలుక తెల్లగా ఉండక ఎర్రగా ఉంటుందా! దవడ కింద బిళ్ళ తగులుతుందేమోనని వేళ్ళతో నొక్కుతాడు. రోజుకు ముప్పైసార్లు నొక్కితే ఎవరి మెడైనా నొప్పి పెడుతుంది. ఆ నొప్పి మళ్ళీ ఇంకో సాక్ష్యం.

“ఏందన్నా, ఎప్పుడు సూసినా మెడ పట్టుకొని తిరుగుతున్నవ్?” అని పక్క మంచం తమ్ముడు అడిగాడు. “టాన్సిల్స్ తమ్మీ” అన్నాడు. ఫోన్లో భార్య అడిగింది: “గొంతు గట్లున్నదేంది, పాణం మంచిగ లేదా?” “ఏం లేదు, డ్యూటీ ఎక్కువైంది.” ఆ అబద్ధం చెప్పాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నీరసం. నీరసం అని కొడితే ఏమొచ్చిందో చెప్పనక్కర లేదు.

ఈ బాధ కొత్తదేమీ కాదు. హెచ్ఐవీకి రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చింది 1985లో. సరిగ్గా ఆ ఏడే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో మిల్లర్, గ్రీన్ తదితరులు ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఎయిడ్స్ భయం ముదిరి, ఎయిడ్స్ లక్షణాల్లాంటివే ఒంటి మీదికి తెచ్చుకున్న మనుషుల గురించి. దానికి వాళ్ళు పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ఉత్తుత్తి ఎయిడ్స్. అంతకు ముందు ఆ స్థానంలో సిఫిలిస్ ఉండేది. 1906లో వాసర్మన్ పరీక్ష వచ్చింది, 1910లో సాల్వర్సాన్ మందు వచ్చింది. అయినా సిఫిలిస్ భయం పోలేదు. పరీక్ష తప్పేమో అనే కొత్త భయం దానికి తోడైంది.

మన దగ్గర ఈ భయానికి ఇంకా పాత పునాది ఉంది. రైలు పట్టాల పక్క గోడల మీద సున్నంతో రాసిన ప్రకటనలు చూడనివారెవరు? నరాల బలహీనత, ధాతునష్టం, సుఖవ్యాధులు, ఫలానా లాడ్జిలో నెలకోసారి డాక్టరు గారి మకాం. ధాతువు పోతే ప్రాణం పోతుందనే ఈ బెంగను మనోవ్యాధిగా గుర్తించి, 1960లో దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టినవాడు మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్. ఒంట్లో రోగం లేదు, మనసులో నేరం ఉంది, ఆ నేరం రోగం వేషం కట్టింది. లాడ్జి వైద్యుడు ఆ వేషానికే మందిచ్చి డబ్బు పుచ్చుకున్నాడు.

ఆ తరవాత పులిరాజా వచ్చాడు. ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి ఆ హోర్డింగులు గుర్తుండే ఉంటాయి: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా ఎవరో తెలియక జనం బుర్ర గోక్కున్నారు, నవ్వుకున్నారు, ఆ పేరున్నవాళ్ళను ఆటపట్టించారు. ప్రచారంగా అది గొప్ప పని. ఎయిడ్స్ అనే మాటను టీ కొట్టు దాకా తెచ్చింది. అయితే జనానికి ప్రశ్న గుర్తుండిపోయినంతగా జవాబు గుర్తుండలేదు. ఇరవై ఏళ్ళ తరవాత జిజాన్ క్యాంపులో దుప్పటి కింద తిరుగుతున్నది ఆ ప్రశ్నే. వస్తుందా? వస్తుందా?

జవాబు ఉంది. దానికి తేదీ కూడా ఉంది. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ తేదీ గురించే.

ముందు ఎంత ప్రమాదమో చూడాలి. అవతలి మనిషికి హెచ్ఐవీ ఉండి, కండోమ్ లేకుండా జరిగినా, స్త్రీతో ఒక్క కలయికలో మగవాడికి అంటుకునే అవకాశం పదివేలలో సుమారు 4 అని అమెరికా సీడీసీ అంచనా. ఆడమనిషికి మగవాడి నుంచి 8. గుద సంభోగంలో స్వీకరించేవారికి 138. జననాంగాల మీద పుండ్లుంటే ఈ లెక్కలు పెరుగుతాయి, అవతలివారు మందులు సరిగా వాడుతూ వైరస్ అదుపులో ఉంటే సున్నాకు దిగుతాయి. పదివేలలో నాలుగంటే సున్నా కాదు, అందుకే పరీక్ష. అయితే నిద్ర మానుకునేటంత అంకె కూడా కాదది. తమాషా ఏమిటంటే, మనవాడు ఆ నాలుగు గురించే ఏడుస్తున్నాడు. అంతకంటే సులువుగా అంటుకునే గనేరియా, క్లమీడియా సంగతి అతనికి పట్టలేదు. అవి మాత్రలతోనో ఇంజెక్షన్‌తోనో నయమయ్యేవి. క్లమీడియా చాలామందిలో చప్పుడు లేకుండా ఉంటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ రెండు మింగి ఊరుకుంటే ఏ రోగం పోయిందో, ఏది మిగిలిందో డాక్టరుకు కూడా అంతుబట్టదు.

ఇక తేదీలు. మొదటి 72 గంటలు అన్నిటికంటే విలువైనవి. నిజంగా ప్రమాదం జరిగిందనుకుంటే ఆ లోపు ఆసుపత్రికి వెళ్ళి, హెచ్ఐవీ అంటకుండా వాడే మందు 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా మొదలెడితే అంత మంచిది. మనవాడికి ఆ సంగతి తెలిసేసరికి మూడు వారాలైంది. గనేరియా, క్లమీడియా పరీక్షలు రెండు వారాల తరవాత చేయించుకోవచ్చు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం హెచ్ఐవీ పరీక్ష 18 నుంచి 45 రోజుల మధ్య రోగాన్ని పట్టేస్తుంది. వేలి మీద సూదితో గుచ్చి చేసే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజుల దాకా ఆగాలి. సిఫిలిస్ పుండు సగటున 21 రోజులకు కనిపిస్తుంది, రక్తపరీక్ష ఖాయమైన మాట చెప్పడానికి మూడు నెలలు. హెపటైటిస్ బికి టీకా ఉంది. ఈ గడువు ముగిసేలోపు ఇంటికి వెళ్తే భార్యతో కండోమ్ లేకుండా కలవకపోవడం అన్నది భయంతో చేసేది కాదు, బాధ్యతతో చేసేది.

ఇంత స్పష్టంగా ఉంటే మనవాడు పరీక్షకు ఎందుకు పోడు? ఇక్కడే గల్ఫ్ కథ వేరు.

గల్ఫ్‌కు పోయే ప్రతివాడికీ మెడికల్ అంటే ఏమిటో తెలుసు. ఇప్పటికీ జనం గామ్కా అనే పిలిచే ఆ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ చూస్తారు. కాగితం మీద ఫిట్ అనో అన్‌ఫిట్ అనో ఒక్క మాట. అక్కడికి దిగాక ఇకామా అనే నివాస అనుమతి కోసం మళ్ళీ పరీక్ష. హెచ్ఐవీ ఉందని తేలిన విదేశీ కార్మికుణ్ణి సౌదీ వెనక్కి పంపేస్తుంది. పైగా పెళ్ళికి బయటి సంబంధం అక్కడ చట్టరీత్యా నేరం. డాక్టరు ముందు నోరు విప్పాలంటేనే వణుకు. కాబట్టి ఈ కార్మికుడి భయంలో రెండు భయాలు మెలిపడి ఉన్నాయి. ఒకటి ఒంటిది, ఇంకొకటి ముద్రది. ఒంటి భయం తీరాలంటే పరీక్ష కావాలి. ముద్ర భయం పరీక్ష వద్దంటుంది. నీ భయం అర్థం లేనిదని ఇలాంటివాడికి చెప్పేవాళ్ళు సగమే చెబుతున్నారు. వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన డబ్బు గుర్తున్నవాడికి రెండో భయం అర్థం లేనిదెలా అవుతుంది?

అదే జిజాన్‌లో ఇదే పరీక్ష కొందరికి పెళ్ళి లాంఛనం. సౌదీలో పెళ్ళికి ముందు సికిల్ సెల్, థలసేమియా పరీక్షలు 2004 నుంచి తప్పనిసరి. 2008లో హెచ్ఐవీ, హెపటైటిస్‌లను చేర్చారు. సికిల్ సెల్ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో జిజాన్ ఒకటి. 2013 ఫిబ్రవరిలో అక్కడి ఒక ఆసుపత్రిలో ఆ జబ్బుతో ఉన్న పన్నెండేళ్ళ పిల్లకు హెచ్ఐవీ ఉన్న రక్తం ఎక్కించారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. అధికారుల ఉద్యోగాలు పోయాయి. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? తప్పుకు శిక్షగా రోగం వస్తుందని నమ్మి మెడ నొక్కుకునేవాడు ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుండును.

చెడ్డవార్తే వచ్చిందనుకుందాం. ఉద్యోగం పోవడం చిన్న దెబ్బ కాదు. ప్రాణం మాత్రం పోదు. మన దేశంలో హెచ్ఐవీ మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 2017 నుంచి రోగం తేలిన ప్రతివారికీ వెంటనే మొదలెడుతున్నారు. 2017 నాటి చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 1097కు ఫోను చేస్తే దగ్గరలోని కేంద్రం ఎక్కడో చెబుతారు.

పరీక్ష మంచిగా వస్తే కథ ముగిసినట్టేనా? చాలామందికి ముగుస్తుంది. కొందరికి అసలు జబ్బు అప్పుడు మొదలవుతుంది. ల్యాబు వాళ్ళు సీసాలు మార్చేశారేమో. నా ఒంట్లో ప్రతిరక్షకాలు ఆలస్యంగా పుడతాయేమో. ఇంకోసారి, ఇంకో ల్యాబులో. బ్రిటన్‌కు చెందిన పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ 1986లో ఈ చక్రాన్ని విప్పి చూపారు. పర్లేదు అనే ప్రతి భరోసా కాసేపు చల్లబరుస్తుంది. చల్లబడ్డ మనసు భరోసాకు అలవాటు పడుతుంది. తరవాతి భరోసా ఇంకా తొందరగా కావాలి. గజ్జి గోక్కున్నట్టే. ఆరోగ్యం గురించిన బెంగ రోగం వల్ల కాకుండా వెతుకులాట వల్ల బతుకుతుందని వాళ్ళ వాదన.

దాన్ని సుఖవ్యాధుల క్లినిక్‌లోనే పరీక్షించి చూసినవాళ్ళున్నారు. ఇంగ్లండ్‌లో అలాంటి క్లినిక్‌కు వచ్చేవారిలో బెంగ తీవ్రంగా ఉన్న 49 మందితో చేసిన అధ్యయనం 2008లో అచ్చయింది. కొందరితో ఏడు సార్ల దాకా కూర్చుని ఆలోచననూ అలవాటునూ మార్చే చికిత్స చేశారు. మిగతావారికి ఒక్కసారి మాట్లాడి పంపారు. చికిత్స అందినవారిలో బెంగ బాగా తగ్గింది. అందులో మంత్రమేమీ లేదు. ఎన్నిసార్లు తడుముకుంటున్నావో రాయి. తడుముకోబోయే ముందు పావుగంట ఆగు. ఏమవుతుందని భయపడ్డావో రాసి, ఏమైందో పక్కన రాయి. ఫోనులో వెతకడం మానెయ్. ఇంతే. చెప్పడం తేలికే.

తేలిక కానిది వదిలేస్తే ఏమవుతుందో శ్రీకాళహస్తి దగ్గరి ఒక పల్లె 2020 ఫిబ్రవరిలో చూసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ఒక నడివయసు రైతు తనకు కరోనా సోకిందని నమ్మాడు. ఫోనులో వీడియోలు చూశాడు. ఇంట్లోవాళ్ళకు అంటుతుందని వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. అతనికి కరోనా లేదు. ఊరుకోమని కసిరే కంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగి పక్కన కూర్చునే మనిషి ఒకడు ఉండాల్సింది. ఇక్కడైతే టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. సౌదీలో ఆరోగ్యశాఖ నంబరు 937.

మనవాడు చివరికి యాభయ్యో రోజున, వైద్యుడు రాసిస్తే, నరం నుంచి రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకున్నాడు. ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితాన్ని పర్సులో పెట్టుకుని ఎన్నిసార్లు విప్పాడంటే మడత దగ్గర చిరిగింది. ఇంకోసారి చేయించుకుంటానంటే, ఇక అవసరం లేదని చెప్పి, కాగితం తిప్పి వెనక గీతలు గీసి ఇచ్చాడు ఆ వైద్యుడు. మెడ నొక్కుకున్న ప్రతిసారీ ఒక గీటు. మొదటి రోజు ముప్పై నాలుగు. వారం తిరిగేసరికి పదకొండు. శుక్రవారం సెలవు, రూమ్‌లో అందరూ బజారుకు పోయారు, ఒక్కడే ఉన్నాడు, మళ్ళీ పద్ధెనిమిది. శనివారం పొద్దున డ్యూటీ బస్సు ఎక్కేటప్పటికి మూడు.