నేలపై నడచు విమానము



నెల్లూరు తీరమున మైపాడు మొదలుకొని తుమ్మలపెంట వరకు ఏ పల్లెకు పోయినను వేకువజామున ఒక దృశ్యము కనబడును. ఇసుకమీది పడవను పలువురు కూడి నీటిలోనికి త్రోయుదురు. త్రోయునంతసేపును కేకలు, పరిహాసములు సాగుచునే యుండును. పడవ అలలు విరుగుచోటికి చేరగానే ఆ సందడి అణగిపోవును. వెనుక ఇంజను పట్టిన పెద్ద ఒక్కడే మాటాడును, తక్కినవారు విందురు. అలలు దాటి నిలకడైన నీటిలో పడిన తరువాతనే మరల ముచ్చట్లు మొదలగును. నడిసముద్రముకంటె ఒడ్డునే ఎక్కువ జాగ్రత్త కావలెనని వారికి ఎవ్వరును పుస్తకము వ్రాసి చెప్పలేదు. తాతతండ్రుల అనుభవమే చెప్పినది.

విమానమునకును ఇట్టి ఒడ్డు ఒకటి కలదు. మనలో పెక్కుమంది విమానము మేఘములలో ఊగినప్పుడు భయపడుదురు. చక్రములు నేల తాకగానే గండము గడచినదని నిట్టూర్చి, బెల్టు విప్పి, పైనున్న పెట్టెకై చేయి చాతురు. నేలమీద నెమ్మదిగా నడచు విమానమునకు ఏమి అపాయమని మన నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో నేడు విచారింతము.

దూరపు కథ యేల? 2021 ఫిబ్రవరి 20వ తేదీన దోహానుండి వచ్చిన ఒక విమానము మన గన్నవరములో నేలకు దిగినది. సముద్రమును, ఎడారిని దాటి వచ్చిన ఆ విమానము, నిలువవలసిన తావునకు నడచుచుండగా దాని రెక్క ఒక దీపస్తంభమునకు తగిలెను. లోపలివారందరును క్షేమముగ బయటపడిరి. గల్ఫు దేశములనుండి తమవారు ఎప్పుడు వత్తురా యని ఎదురుచూచు ఇండ్లు మన తీరమునను కలవు. అట్టివారికి ఈ వార్త ఒక్క సంగతి తెలుపును: ప్రయాణము విమానము నిలిచినప్పుడే ముగియును గాని, నేల తాకినప్పుడు కాదు.

నిలుచు తావునుండి రన్‌వే వరకును, రన్‌వేనుండి తిరిగి నిలుచు తావువరకును విమానము తన చక్రములపై నడచుటను టాక్సీయింగు అందురు. కారులో ఇంజను చక్రములను త్రిప్పును. విమానములో అట్లు కాదు; ఆకాశమున ఎగిరించు ఇంజనుల త్రోపుడే నేలమీదను దానిని నడుపును. ముందుచక్రమును మలుపుటకు కెప్టెను ప్రక్కన ఒక చిన్న పిడి యుండును. పెద్ద విమానములలో రెక్కల కొనలు కాక్‌పిట్టునుండి కనబడుట కష్టము. కావున నేలపై గీచిన పసుపు గీతను నమ్ముకొని కెప్టెను నడుపవలెను. అదే సమయమున కోపైలటు కంట్రోలు టవరుతో రేడియోలో మాటాడవలెను, దారిపటము చూడవలెను, ఎగురుటకు ముందు చేయవలసిన పనుల పట్టికను చదువవలెను. రన్‌వే ముంగిట టాక్సీ దారికి అడ్డముగ నాలుగు పసుపు గీతలుండును. రెండు నిండు గీతలు, రెండు తునుకలు. నిండు గీతలవైపునుండి వచ్చువారు టవరు అనుమతి లేనిదే వానిని దాటరాదు. ప్రక్కన ఎఱ్ఱపలకపై తెల్లని అంకెలతో ఆ రన్‌వే సంఖ్య యుండును. ఇన్ని గుర్తులున్నను, చూచు కన్ను మరొకచోట నున్నచో అవి లేనట్లే.

అమెరికాలో కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టను పట్టణమున 2006 ఆగస్టు 27వ తేదీన, ఇంకను తెల్లవారక మునుపు, యాబదిమందితో ఒక విమానము బయలుదేరెను. టవరు వారు 22వ సంఖ్య రన్‌వే నుండి ఎగురుమనిరి. దాని పొడవు 7,003 అడుగులు. దారిలో పైలటులు ఇరువురును పనికి సంబంధింపని ముచ్చటలో పడిరి. విమానము 26వ సంఖ్య రన్‌వే మీదికి మళ్లెను. దాని పొడవు సుమారు 3,500 అడుగులు. దానికి దీపములును లేవు. రన్‌వే సంఖ్య యనగా దిక్సూచి అంకెలో చివరి సున్న తీసివేయగా మిగులునది. 22 అనిన 220 డిగ్రీల దిక్కు, 26 అనిన 260 డిగ్రీల దిక్కు. కాక్‌పిట్టులోని దిక్సూచి నిజమునే చూపుచుండెను. దానిని సరిచూచినవారు లేరు. టవరులో నున్న ఒకే ఒక అధికారియు అనుమతి నిచ్చి మరొక పనికై అటు తిరిగెను. రన్‌వే ముగిసిపోయెను, విమానము పొలములో కూలెను. 49 మంది మరణించిరి. కోపైలటు ఒక్కడే బ్రతికెను. తామెచ్చట నున్నదియు పైలటులు సరిచూచుకొనకపోవుటయే ప్రధాన కారణమనియు, ఆ ముచ్చట దానికి తోడ్పడెననియు విచారణ సంఘము తేల్చెను.

అప్పటికి పాతికేండ్లనుండి అట్టి ముచ్చటను నిషేధించు నియమము ఆ దేశమున అమలులో నుండెను. 1974 సెప్టెంబరు 11వ తేదీన షార్లెట్ నగరమున మంచులో దిగబోవు విమానమొకటి కూలి, 82 మందిలో డెబ్బదిమందికి పైగా మరణించిరి. చివరి నిమిషములలో ఆ పైలటులు రాజకీయములను గూర్చియు, పాత కార్లను గూర్చియు మాటాడుకొనుచుండిరని యంత్రములో నిలిచిన వారి కంఠములే తెలిపెను. తత్ఫలితముగ 1981లో నియమము పుట్టినది. విమానము నేలపై నడచునప్పుడును, ఎగురునప్పుడును, దిగునప్పుడును, 10,000 అడుగులకు దిగువన నున్నప్పుడును కాక్‌పిట్టులో పనికిమాలిన మాట కూడదు, భోజనము కూడదు, పనికి సంబంధింపని చదువు కూడదు, కిటికీలోనుండి కనబడు వింతలను ప్రయాణికులకు వర్ణించుటయు కూడదు. మన దేశపు విమాన సంస్థలును ఇట్టి నియమమునే పాటించుచున్నవి.

మాట వినబడుటయు, వినబడకపోవుటయు ఎంత పని చేయునో రేడియో శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రివేళ మన తీరమున మీడియం వేవు త్రిప్పునప్పుడు రెండు కేంద్రములు ఒకేచోట తగిలి కూత పుట్టుట మీరెరిగినదే. 1977 మార్చి 27వ తేదీన టెనెరిఫే ద్వీపమున దట్టమైన మంచులో రెండు పెద్ద విమానములు ఒకే రన్‌వే మీద నుండెను. ఒకటి ఇంకను దాని మీద నడచుచుండగనే, రెండవది అనుమతి లేకయే ఎగురుటకు పరుగు మొదలిడెను. ఆగుమని టవరును, మేమింకను ఇచ్చటనే యున్నామని మొదటి విమానమును ఒకేసారి పలుకగా, రెండు మాటలును కూతలో చెడిపోయెను. 583 మంది మరణించిరి.

పరులను గూర్చి చెప్పి మమ్ము దాచుకొనుట న్యాయము కాదు. మా వృత్తిలోను స్టూడియో తలుపుపై ఎఱ్ఱదీపము వెలుగగానే మౌనము పాటింపవలెను. ఒకనాడు సమయము ప్రకటింపవలసిన క్షణమున ఒక మిత్రుడు అద్దము వెనుకనుండి టీ కావలెనా యని సైగచేసెను. మేము తలయూపి, ఏడు గంటలకు బదులు ఎనిమిది గంటలు అని చెప్పితిమి. ఆ మిత్రుడు చెడ్డవాడు కాడు, మేమును అజాగ్రత్తపరులము కాము. ఆ క్షణమున ఆ ప్రశ్న రాకుండవలసినది, అంతే. మరునిమిషమున సవరించుకొంటిమి, శ్రోతలు క్షమించిరి. పైలటుకు ఆ మరునిమిషము దొరకకపోవచ్చును. అందుచేతనే మంచి పైలటు తాను ఎచ్చట నున్నదియు సందేహము కలిగినచో, వెనుక పదిమంది వేచియున్నను, బ్రేకు వేసి నిలిచి టవరును అడుగును. ఆలస్యమైనదని మనము విసుగుకొను నిమిషములలో కొన్ని ఇట్టివి కావచ్చును.

మన నెల్లూరు సీమవారు విమానమెక్కుటకు రేణిగుంటకో, మీనంబాకమునకో పోవుచుందురు. అచ్చట మనము చేయగలిగినదియు కొంత కలదు. విమానము నడచుచున్నంతసేపు లేవకుందము. పెట్టెలు దింపకుందము. మంచినీళ్లకొరకు గంట నొక్కకుందము. నడచు విమానములో ఒకరు లేచినచో పరిచారిక కలతపడును. ఆమె కెప్టెనుకు తెలుపవలసి వచ్చినచో, పసుపు గీతమీద నిలువవలసిన అతని చూపు చెదరును. కొడుకును తోడ్కొని వచ్చుటకు విమానాశ్రయమునకు పోయిన తండ్రి, చక్రములు నేల తాకగనే ఫోను చేయనక్కరలేదు. పది నిమిషములు ఆగినచో కొడుకే ఎదుటికి వచ్చును.

సెలవు.