సున్నాను సరిచూడండి
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సర్వీసు రోజుల్లో ముల్లు అమ్మీటర్ల ముఖం మీద ఒక చిన్న స్క్రూ ఉండేది. కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలవకపోతే, దాన్ని తిప్పి సరిచేశాకే మీటరు వాడేవాళ్లం. నేటి పిల్లలు ఇంట్లో చేసుకొనే అంకెల మీటర్లకు ఆ స్క్రూ లేదు. దాని అవసరం మాత్రం పోలేదు.

మన ప్రత్తిపాడు ప్రాంతపు పత్తి, మిరప చేలల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు మీరెరిగినవే. వాటిని బాగుచేసే కుర్రవాడొకడు తాను తయారుచేసిన కరెంటు మీటరు తెచ్చి చూపించాడు. స్ప్రేయరు స్విచ్ ఆపేసినా అది 0.3 ఆంపియరు చూపుతోంది. బ్యాటరీ 8 ఆంపియర్-అవర్లది. ఆ లెక్కన సుమారు 27 గంటల్లో ఖాళీ కావాలి. బ్యాటరీ పోయిందని రైతు చేత కొత్తది కొనిపించబోతున్నాడు. "అబ్బాయీ, ముందు మీటరును పరీక్షిద్దాం" అన్నాను.

అందులోని షంటు 0.01 ఓము. ఒక ఆంపియరుకు దాని మీద వచ్చేది 10 మిల్లీవోల్టులే. దాన్ని ఎల్.ఎం. 358 అనే ఐ.సి. 100 రెట్లు చేస్తుంది. ఈ ఐ.సి. ఇన్‌పుట్‌లో సహజంగా ఉండే తేడా, అంటే ఆఫ్‌సెట్, 7 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చు. 3 మిల్లీవోల్టులున్నా చాలు, లేని 0.3 ఆంపియరు కనిపిస్తుంది.

షంటు నుంచి వచ్చే తీగలు విప్పి, ఇన్‌పుట్లను బోర్డు దగ్గరే గ్రౌండుకు కలిపాము. అంకె మారలేదు. అంటే తేడా ఐ.సి.లోనే ఉంది. సున్నా వచ్చి ఉంటే వైరింగును అనుమానించాలి. డిస్‌ప్లే తీసుకొనే 20 మిల్లీఆంపియర్లు 0.05 ఓము గ్రౌండు తీగ గుండా పోతే 1 మిల్లీవోల్టు వస్తుంది, అది 0.1 ఆంపియరు దొంగలెక్క. అందుకే షంటు రెండు చివరల నుంచి కొలత తీగలు విడిగా తేవాలి.

ఇంకొక ప్రమాదముంది. ఆఫ్‌సెట్ వ్యతిరేక దిశలో ఉంటే, ఒకే సప్లయి మీద నడిచే ఐ.సి. అవుట్‌పుట్ సున్నా కిందికి దిగలేదు. మీటరు చక్కగా సున్నాయే చూపుతుంది, నిజంగా 0.2 ఆంపియరు లీకవుతున్నా పట్టుకోదు. కనుక 12 వోల్టులకు 120 ఓముల, 2 వాట్ల రెసిస్టరు తగిలించి, సుమారు 0.1 ఆంపియరు చూపుతుందో లేదో చూడాలి.

చివరకు ఓ.పి. 07 ఐ.సి. వేసి, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్, మైనస్ సప్లయి ఇచ్చాడు. దాని ఆఫ్‌సెట్ మామూలు ఉష్ణోగ్రతలో 0.15 మిల్లీవోల్టు మించదు. 0.3 ఆంపియరు మాయమైంది. స్ప్రేయరు లోపం ఛార్జరు పిన్ను వదులు కావడమని తేలింది. రైతుకు బ్యాటరీ ఖర్చు తప్పింది.

మిత్రులారా, మన ఇళ్ల దగ్గర ఇలాంటి ఉత్సాహవంతులైన పిల్లలుంటే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి.