కుండల కప్పు కింద డిజైన్ చదువు

ఎండాకాలం జైపూర్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ నగర శివార్లలోని కూకస్‌లో పెర్ల్ అకాడమీ అనే డిజైన్ కళాశాల ఉంది. భవనాన్ని ఢిల్లీకి చెందిన మార్ఫోజెనిసిస్ సంస్థ రూపొందించింది.

గోడలకు 4 అడుగుల ఎడంగా, చుట్టూ రాజస్థానీ జాలీ అనే చిల్లుల తెర కట్టారు. ఎండ చాలావరకు అక్కడే ఆగిపోతుంది, లోపలి గోడ అంతగా వేడెక్కదు. కప్పు మీద మట్టికుండలు బోర్లించి, సందుల్లో ఇసుక, ఇటుక ముక్కలు కూరి, పైన కాంక్రీటు పోశారు. కుండల్లో చిక్కిన గాలి వేడిని అంతగా కిందికి దిగనివ్వదు. భవనం అడుగున నేల తవ్వి, మెట్లబావి తరహాలో నీళ్లు నిలిపారు. అవి శుద్ధి చేసిన మురుగునీళ్లే. వాటి మీదుగా వీచే గాలి చల్లబడుతుంది. విద్యార్థులు కబుర్లకీ, ప్రదర్శనలకీ చేరేది ఆ నీడలోకే.

ఈ భవనానికి 2009లో ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో విద్యాభవనాల విభాగంలో బహుమతి దక్కింది.

మనకూ ఈ పద్ధతి పనికొస్తుందా? పొడిగాలి ఉన్నచోటే నీళ్లు గాలిని బాగా చల్లబరుస్తాయి. కోస్తా ఉక్కపోతలో ఆ ఫలితం తక్కువ. గోడకు నీడ, కప్పుకు రక్షణ మాత్రం ఎక్కడైనా మేలే. కొత్తగా కళాశాల కట్టేవారు ఏసీల లెక్క కంటే ముందు ఈ రెండూ చూసుకోవాలి.