బీచ్‌లో మెటల్ డిటెక్టర్: బీప్ వచ్చింది సరే, వస్తువు ఎవరిది?

ఉయ్యూరు నుంచి మాట్లాడుతున్నాను. మీరంతా రీల్స్‌లో చూసే ఉంటారు. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో పొడుగాటి మిషను, ఇసుకలో బీప్ అంటుంది, తవ్వగానే బంగారపు ఉంగరం. ఆ వీడియోలు చాలావరకు ఫ్లోరిడావో ఆస్ట్రేలియావో. "మన మంగినపూడిలో తిప్పితే ఏమొస్తుంది అన్నా?" అని చాలామంది అడిగారు. మా ఫ్రెండ్ దగ్గర ఒక మిషను ఉంది. ఇద్దరం కలిసి నాలుగుసార్లు వెళ్లొచ్చాం. అందుకే ఈరోజు మూడు సంగతులు చెప్తాను. మిషను ఎలా పనిచేస్తుంది, మన తీరంలో ఏముండొచ్చు, దొరికితే ఏం చేయాలి. మూడోది వినకుండా మాత్రం వెళ్లకండి. అందులో జైలు కూడా ఉంది.

ముందు మిషను. కింద పళ్లెంలా ఉంటుందే, దాంట్లో తీగచుట్టలు ఉంటాయి. కరెంటు వెళ్తుంటే అది మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కిందికి పంపిస్తుంది. అది లోహానికి తగిలితే ఆ లోహంలో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులకీ ఒక అయస్కాంత క్షేత్రం ఉంటుంది. దాన్ని మిషను పట్టుకుని బీప్ అంటుంది. అంతే. బంగారం అని దానికి తెలియదు, లోహం అని తెలుసు. చిన్న బంగారపు ఉంగరం, నలిగిన అల్యూమినియం రేకు దానికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మామూలు మిషను నాణెం సైజు వస్తువుని జానెడు లోతు దాకా పడితే గొప్ప. పైగా ఉప్పునీళ్లలోంచి కూడా కరెంటు పోతుంది కాబట్టి తడి ఇసుక మీద పెట్టగానే చవక మిషను ఊరికే అరుస్తుంది. మంగినపూడిలో నేల నల్లగా ఉంటుంది, బురద కూడా ఎక్కువ. మొదటిరోజు అరగంట సేపు అది అరుస్తూనే ఉంది. పక్కన జామకాయలమ్మే ఆవిడ "ఏం బాబూ, దానికి ఏమైనా జబ్బా?" అని అడిగింది.

ఎప్పుడు వెళ్లాలి అంటే పాటు సమయంలో, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు. తుఫాను తర్వాత అయితే ఇంకా ఎక్కువ దొరుకుతాయి. కారణం బరువు. ఇసుక రేణువు నీటికంటే రెండున్నర రెట్లు బరువు, బంగారం 19 రెట్లు. పెద్ద అలలు ఇసుకని లాక్కుపోతాయి, బరువైనవి కింద ఉండిపోయి బయటపడతాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ సంగతి టీవీలో చూశారు కదా? 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఊరు ఊరంతా ఒడ్డున కూర్చుని ఇసుకలో బంగారు రేణువులు ఏరుకున్నారు. మిషన్లు లేవు, చేతులూ దువ్వెనలే. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఒడ్డుని కోసేస్తోంది. ఇళ్లూ గుళ్లూ నీళ్లలో కలిసిపోయాయి. మనవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపనలో కాస్త బంగారం వేస్తారు కదా, అలాంటివే బయటికొస్తున్నాయని అక్కడి పెద్దలు చెప్తారు. అంటే సముద్రం ఇచ్చిందని మనం అంటున్నది ఒకప్పుడు ఎవరి ఇంటి పునాదో.

ఇక మాకేం దొరికాయో చెప్తాను, నవ్వకండి. సీసా మూతలు లెక్కలేనన్ని. గుట్కా రేకులు. మేకులు. వలలకి కట్టే సీసపు గుళ్లు. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఓ పాతిక. కార్తీక పౌర్ణమికి స్నానాలకొచ్చే జనం సముద్రంలో దణ్ణం పెట్టి వేస్తారు, అవి. ఒక మెట్టె. ఇంకా ధగధగలాడే ఒక ఉంగరం. మా ఫ్రెండ్ గంతులేశాడు. నేను బందరులో తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఒక్కసారి చూసి, "చిలకలపూడి" అన్నాడు. ఒక్కటే మాట! బయటి ఊళ్లవాళ్లకి చెప్తున్నా, బందరులోని చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకి పేరు. లోపల రాగో ఇత్తడో, పైన పల్చటి బంగారు పూత. పెళ్లిళ్లలో మీరు చూసే సగం నగల పుట్టిల్లు అదే. కాబట్టి మన తీరంలో మెరిసేదంతా ముందు చిలకలపూడి అనుకోండి, తర్వాత బంగారం అనుకోండి.

మరి పాత నాణేలు? ఇక్కడ మన ప్రాంతం మామూలుది కాదు. బందరు గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది, 1759లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం 1794లో, 1797లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రాగి బిళ్లలు కొట్టించింది. 48 బిళ్లలు ఒక రూపాయికి సమానమని వాటిమీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే, బందరుకి పడమరన ఘంటసాల. బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. శాతవాహనుల కాలంలో సీసంతో కూడా నాణేలు పోసేవారు, కొన్నిటిమీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. వల గుండు కూడా సీసమే. పద్దెనిమిది వందల ఏళ్ల నాణెం, నిన్నటి వల గుండు. మిషను రెండిటికీ ఒకే రకంగా కూస్తుంది. తేడా చెప్పాల్సింది మనిషే.

మనిషి తేడా చెప్పాలంటే నాణెం ఒక్కటే చాలదు, అది ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో కావాలి. ఒక చిన్న కథ చెప్తాను. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ మద్రాసు ప్రెసిడెన్సీకి టన్నులకొద్దీ రాగి నాణేలు వేసుకుని బయల్దేరి, ఇంగ్లండు తీరం దగ్గరే ఇసుకదిబ్బలకి తగిలి మునిగిపోయింది. మనకి రావాల్సిన 1808 నాటి కాసులు 1980లలో అక్కడ బయటపడ్డాయి. అవి ఏ ఓడవో తెలుసు కాబట్టే ఇంత కథ తెలిసింది. అదే బిళ్ల ఒకటి చోటు తెలియకుండా చేతులు మారితే? పాత రాగి, అంతే.

ఇప్పుడు చట్టం. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే, అవును పదే, దొరికినవాళ్లు కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన. వస్తువుని ప్రభుత్వ ఖజానాలో పెట్టాలి, లేదా పూచీ ఇవ్వాలి. దాచేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ వాటా కూడా పోతుంది. బందరు కోట, డచ్ సమాధులు, ఘంటసాల స్తూపం లాంటి రక్షిత చోట్ల అయితే మిషను కారులోంచి తీయనే తీయకండి. అక్కడ లైసెన్సు లేకుండా తవ్వడమే నేరం.

అయితే చట్టంలో ఒక లోపం కూడా ఉంది, అదీ చెప్పాలి. ప్రభుత్వం ఆ వస్తువు తీసుకుంటే ఇచ్చేది లోహం ఖరీదు, దానిమీద ఐదో వంతు. రాగి బిళ్లకి రాగి ధర! ఇంగ్లండులో నిధి కింద వచ్చిన వస్తువుకి మార్కెట్ ధర కట్టి ఇస్తారు. 1997 నుంచి మామూలు జనం దొరికినవి చూపించి రాయించుకునే ఏర్పాటు కూడా ఉంది, అలా పది లక్షలకి పైగా వస్తువులు నమోదయ్యాయి. మన దగ్గర చెప్పినవాడికి లాభం లేదు, గుట్టుగా అమ్ముకున్నవాడికే ఉంది. ఇది మారాలి. మారేదాకా మాత్రం చట్టం చట్టమే.

కొత్త వస్తువుల సంగతి వేరు. మొన్న పౌర్ణమికి ఎవరివేలి నుంచో జారిన ఉంగరం నిధి కాదు, అది పోగొట్టుకున్న సొమ్ము. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ప్రకారం, సొంతదారుని కనుక్కునే ప్రయత్నం చేయకుండా వాడేసుకుంటే నేరం. జాగ్రత్తగా ఉంచి, వెతికి ఇచ్చేస్తే నేరం కాదు.

ఇక నాకు అన్నిటికంటే బరువైన మాట. మా ఫ్రెండ్ తర్వాత దివిసీమ వెళ్దామన్నాడు, హంసలదీవి వైపు. మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్ల చెల్లెలు పోయింది. మనిషి దొరకలేదు. సర్కారు లెక్కలోనే పదివేలకి పైగా పోయిన రాత్రి అది. అంతకుముందు 1864 నవంబరు 1న బందరులో సుమారు ముప్పై వేలమంది. అమ్మమ్మకి మిషను సంగతి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒరే నాన్నా, దాని మెడలో పుస్తెలు అలాగే ఉన్నాయిరా. నీకు దొరికితే గుర్తుపడతావా?" అంది. గుర్తుపట్టలేను. మిషనూ గుర్తుపట్టలేదు. మేము హంసలదీవి వెళ్లలేదు. వెళ్లడం తప్పని ఎవరికీ చెప్పను. కానీ మన ఇసుకలో దొరికే ప్రతి పుస్తెకీ అడగాల్సిన మొదటి ప్రశ్న గ్రాము రేటు కాదు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. తవ్విన గుంట పూడ్చేయండి, పిల్లలు పరిగెత్తుతుంటారు. సీసా మూతలూ రేకులూ సంచిలో వేసుకుని తీసుకురండి, కనీసం ఒడ్డు శుభ్రమవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, ఆ చోట్ల తవ్వొద్దు. ఏదైనా పాతది అనిపిస్తే కడగొద్దు, చింతపండుతో అసలు రుద్దొద్దు. ఉన్నచోటే ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసి, బందరు కలెక్టరాఫీసులో చెప్పండి.

ఆ మెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. ఫోటో పెట్టను. పోయిన పౌర్ణమికి మంగినపూడిలో మెట్టె పోగొట్టుకున్నవాళ్లు ఉంటే దాని మీద ఏం చెక్కి ఉందో మెసేజ్ పెట్టండి. సరిపోతే నేనే తెచ్చి ఇస్తాను. ఉంటాను మరి.