కెమెరాకు చిక్కని కరువు



ఆపదలో ఉన్నవారి కోసం జరిపే పెద్ద పెద్ద సంగీత విభావరులు టీవీలో ఎలా వస్తాయి, జనం వాటిని ఎలా చూస్తారు అన్న విషయాన్ని సాహిత్య సభలో మాట్లాడటం దేనికని ఒకరిద్దరు అడిగారు. కరువు సీమలో రాసేవాళ్ళకు ఇది దగ్గరి విషయమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. నవంబరు 30న తెలుగు సినీ పరిశ్రమ హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో బాధితుల కోసం ‘మేము సైతం’ కార్యక్రమం నిర్వహించింది. పొద్దున మొదలైన పాటలు, ఆటలు, హాస్యం రాత్రి దాకా జెమినీ టీవీలో వచ్చాయి. 11 కోట్ల రూపాయలకు పైగా పోగైంది. అది మంచి పని. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఆ ఆదివారం నేను ధర్మవరంలో ఒక నేతకారుల ఇంట్లో ఉన్నాను. మగ్గం గుంటలో ఇంటాయన, గోడవారన ఇంటావిడ రాట్నం మీద కండెలు చుడుతూ. ట్రంకుపెట్టె మీద టీవీ. తెర మీద కూలిన ఇంటి ముందు ఒక ఆడమనిషి ఏడుస్తూ కనబడగానే రాట్నం ఆగింది. కాసేపటికే వేదిక మీద పాట ఎత్తుకున్నారు. రాట్నం మళ్ళీ తిరిగింది. “ఆయమ్మ ఏడుస్తాంటే నాకూ ఏడుపొచ్చె, అంతలోనే పాట పెట్టిరి” అందామె. ఇంటాయన తల పైకెత్తకుండానే “ఎంతయిందంట?” అని మాత్రం అడిగాడు. ప్రేక్షకుల స్పందన మీద పరిశోధన చెయ్యాలనుకునే పిల్లలు ఆ రాట్నం ఆగిన క్షణం దగ్గర మొదలుపెట్టాలి. ఆమె మనసు అక్కడ కదిలింది. ఆ కదలికను నిలబెట్టుకునే ఓపిక ప్రసారానికి లేకపోయింది.

అదే ఏడు అనంతపురం జిల్లాలో చెనిక్కాయ పైరు నిలువునా ఎండింది. ఇళ్ళకు తాళాలేసి బెంగళూరు దారి పట్టినవాళ్ళు మీ అందరికీ తెలిసినవాళ్ళే. వాళ్ళ కోసం ఏ స్టూడియోలోనూ దీపాలు వెలగలేదు. నేను తారలను తప్పుపట్టడం లేదు. తుపానుకు తేదీ ఉంది, పేరుంది, విరిగిన చెట్లున్నాయి. కరువు ఏ రోజు మొదలైందో చెప్పండి చూద్దాం! ఎండిన బోరుబావిని కెమెరా ఎంతసేపు చూపిస్తుంది?

ప్రపంచం కూడా ఇలాగే చూసింది. ఇథియోపియా కరువు గురించి ముందుగా హెచ్చరికలు వచ్చినా పట్టించుకున్నవారు తక్కువ. 1984 అక్టోబరులో మైకేల్ బ్యూర్క్ కథనం, మొహమ్మద్ అమీన్ తీసిన దృశ్యాలు బీబీసీలో వచ్చాక గాని లోకం ఉలిక్కిపడలేదు. వాటి వెనకే 1985 జులై 13న లండన్ వెంబ్లీలో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆ కరువు బాధితుల కోసం ‘లైవ్ ఎయిడ్’ జరిగింది. దాదాపు 16 గంటల సంగీతం. అంటే కరువు టీవీకి ఎక్కడానికి మనుషులు శవాలు కావలసి వచ్చింది. అప్పుడైనా వాన పడలేదన్న సంగతి తెలిసినంతగా, ఇథియోపియాలోని అంతర్యుద్ధం జనాన్ని ఎలా మాడ్చిందో చూసేవాళ్ళకు తెలియలేదు.

టీవీ లేని కాలంలో మన దగ్గర వేరే దారి ఉండేది. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ ధర్మకార్యాల కోసం నాటకాలాడారు. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు నడుస్తున్న రోజుల్లో ఎన్.టి. రామారావు తోటి నటులతో ఊరూరా తిరిగి కరువు నిధి పోగుచేశారు.  ఆనాడు ఇచ్చేవాడు, అడిగేవాడు ఒకే వీధిలో ఎదురుబొదురుగా నిలబడ్డారు. ఎవరి చెయ్యి ఎంత వణికిందో ఇద్దరికీ తెలుసు.

ఇక మన సాహిత్యానికి వస్తే, 1956లో వచ్చిన విద్వాన్ విశ్వం కావ్యం ‘పెన్నేటి పాట’ చూడండి. అందులో ఆకలి ఒక్కరోజు వార్త కాదు. బతికిన సంసారం మెల్లమెల్లగా చితికిపోవడం అది. సింగమనేని నారాయణ కూర్చిన ‘సీమ కథలు’ చదవండి, అక్కడా అంతే. కెమెరా నిలవలేని చోట మన రచయితలు ఏళ్ళ తరబడి నిలబడ్డారు.

అలాగని టీవీని వదిలేద్దామా? వద్దు. 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో ఎన్టీఆర్ ట్రస్టు ఆధ్వర్యంలో తమన్ సంగీత విభావరి జరిగింది, తలసీమియా పిల్లల కోసం. నాకు నచ్చింది ఆ ఎంపిక. ఆ జబ్బుకు కూలిన గోడలుండవు. కొద్ది వారాలకొకసారి, ఏళ్ళ తరబడి రక్తం ఎక్కించుకునే పిల్లవాడు ఉంటాడు. పవన్ కల్యాణ్ 50 లక్షలు ప్రకటించడం వార్త అయింది, కావలసిందే. ఆ పిల్లవాడు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే పొద్దు కూడా వార్త కావాలి. కంటికి కనబడని బాధ కోసం అంత పెద్ద వేదిక వేయగలిగినప్పుడు, కరువు కోసం మాత్రం ఎందుకు వేయలేం?

విద్యార్థులను ఒకటి అడుగుతాను. ఈసారి ఇలాంటి కార్యక్రమం వచ్చినప్పుడు ధర్మవరం మగ్గాల ఇళ్ళలో, హిందూపురం బడ్డీకొట్ల దగ్గర, పెనుకొండ పక్కన ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి సెల్‌ఫోన్‌లో ముక్కలుగా చూసే కుర్రాళ్ళ పక్కన కూర్చోండి. ఎక్కడ చూపు నిలిచింది, ఎక్కడ ఛానెల్ మారింది, ఎవరు డబ్బు పంపారు, ఎవరు పంపలేక నొచ్చుకున్నారు, అన్నీ రాసుకోండి. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళి ఏం గుర్తుందో అడగండి.

కథకులను మరొకటి అడుగుతాను. వేదిక మీద పాటకూ పాటకూ మధ్య వ్యాఖ్యాత చదివే నాలుగు మాటలు ఎవరో ఒకరు రాస్తారు కదా, అవి మీరు రాయండి. అడిగి మరీ రాయండి. బోరు ఎండిన రైతు పేరు, అతని ఊరు, అతను అమ్ముకున్న ఎద్దుల జత ఆ మాటల్లోకి రానివ్వండి. పాట రెండు నిమిషాలు ఆలస్యంగా మొదలైనా ఫరవాలేదని నిర్వాహకులతో కొట్లాడండి. మధ్యాహ్నం సమావేశంలో అలాంటి నాలుగు మాటలు మనమే రాసి చదువుదాం. కాగితాలు తెప్పించి ఉంచాను.