గోడవైపు తిప్పిన పటం



దివిసీమ ఉప్పెన మృతుల పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు, దేని గురించి మాట్లాడమంటారని అడిగాను. మీ ఇష్టం అన్నారు. ఈ నేల మీద నిలబడి, ఈ రోజున, ఇంకో విషయం ఎత్తడం నా వల్ల కాదు. 1977 నవంబర్ 19, శనివారం. కార్తీకం వచ్చి వారమే అయింది. ఇళ్ళలో ఇంకా దీపాలు పెడుతున్న రోజులు. ఆ రోజు సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి, కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న ఈ సీమ మీద పడింది. పోయినవాళ్ళ సంఖ్య ప్రభుత్వ కాగితాల్లో పదివేల దగ్గర ఆగింది. ఇక్కడ చాలామంది ఆ లెక్కను ఈనాటికీ ఒప్పుకోరు.

చాలా ఏళ్ళ కిందట నాగాయలంక దిగువన ఒక పల్లెపాలెంలో ఓ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. గూట్లో దీపం వెలుగుతోంది. దాని వెనక వెంకన్న పటం గోడవైపు తిరిగి ఉంది. మనకు కనిపించేది పటం వెనక అట్ట, దాని మేకులు, ఉప్పునీటి చార. ఉప్పెన నీరు తీశాక ఆ పటం బురదలో దొరికిందట. అద్దం పగల్లేదు. చూడవే, స్వామికి ఏమీ కాలేదు అని అత్తగారు కళ్ళకద్దుకుందట. "ఆయన్ని ఆయన కాపాడుకున్నాడు కదత్తా, మరి నా బిడ్డ సంగతేంటి?" అన్నానని చెప్పిందావిడ. పరామర్శకు వచ్చిన చుట్టం ఒకామె, ఏ జన్మలో ఏం చేసుకున్నావో తల్లీ అందట. "నా పిల్లకు ఎనిమిది నెలలు బాబూ. పాలు తాగడం తప్ప అదేం చేసింది?" పటం ఆ రోజే తిప్పేసింది. మళ్ళీ ఎప్పుడు తిప్పుతారమ్మా అని అడిగాను. "ఇంకా తిప్పబుద్ధి కాలేదు. దీపం మాత్రం ఏ రోజూ ఆపలేదు" అంది.

నేను చదివిన తత్వశాస్త్రమంతా ఆ గూటి ముందు చిన్నబోయింది. మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయిన దేవుడుంటే ఈ ఘోరం ఎందుకు జరిగిందన్నది పండితుల ప్రశ్న. ఆ ప్రశ్ననే ఆవిడ మాటల్లో కాక, పటం తిప్పి అడిగింది. అది నాస్తికత్వం కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు తన రాముణ్ణి నిలదీశాడు. పోతన గజేంద్రుడు మొర పెడుతూనే, అసలు వినేవాడున్నాడా అని సందేహించాడు. దేవుడితో తగవు పడే హక్కు మన భక్తులు ఏనాడూ వదులుకోలేదు.

మన శాస్త్రమూ ఈ ప్రశ్నను దాటవేయలేదు. బ్రహ్మసూత్రాలు దీన్ని సూటిగానే ఎత్తాయి: ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటవా? శంకరులు వాన పోలిక చెప్పారు. వాన అన్ని చేలకూ ఒకటే; వరి మొలిచినా యవలు మొలిచినా తేడా విత్తనంలో ఉంది. ఆ విత్తనం జీవుడి కర్మ. మరి తొలి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదన్నారు. తర్కంగా చూస్తే గట్టి కట్టడమే. కానీ ఒక్క సంగతి గమనించండి. అది ఈశ్వరుడి మీద నింద తొలగించడానికి చెప్పిన మాట. దాన్ని తీసుకెళ్ళి బిడ్డ పోయిన తల్లి మీద నింద మోపడానికి వాడుకున్నాం. నా కష్టాన్ని నా కర్మ అని నేను అనుకుంటే ఓర్పు వస్తుంది. ఎదుటివాడి కష్టాన్ని వాడి కర్మ అని నేనంటే అది క్రూరత్వం.

చర్చికి వెళ్ళే కుటుంబాలు ఈ తీరంలో ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు యోబు కథ తెలుసు. బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబు దగ్గర స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచి స్నేహితులే. తర్వాత నోరు విప్పి, నువ్వేదో పాపం చేసే ఉంటావన్నారు. కథ చివర దేవుడికి కోపం వచ్చింది ప్రశ్నించిన యోబు మీద కాదు, ఆ వివరణలు ఇచ్చినవాళ్ళ మీద.

మహాత్ముడు కూడా ఈ చోటనే తడబడ్డారు. ఆయన మీద నాకున్న గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. 1934 జనవరి 15న బీహారులో మహా భూకంపం వచ్చింది. అప్పుడాయన హరిజన యాత్రలో ఉన్నారు. కొద్ది వారాల కిందటే మన ఆంధ్రలో తిరిగి వెళ్ళారు. తిరునెల్వేలి సభలో, ఈ భూకంపం అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బాధపడి ఖండన రాశారు. భౌతిక విపత్తుకు భౌతిక కారణాలే ఉంటాయని, ఇలాంటి వాదం గాంధీ కంటే ఆయన ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందని ఆయన వాదన. ఆ ఖండనను గాంధీ తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన విశ్వాసం తనదేనని జవాబిచ్చారు. ఆ నిజాయితీకి దణ్ణం పెడతాను. కానీ ఈ విషయంలో నేను ఠాగూర్ పక్షం. బీహారులోని ముంగేరులో ఇళ్ళు కూలినప్పుడు, అంటరానితనం పాటించినవాడూ దాన్ని అనుభవించినవాడూ ఒకే మట్టి కింద పడ్డారు.

ఇలాంటి వాదమే ఐరోపాలోనూ నడిచింది. 1755 నవంబర్ 1న, సర్వ పునీతుల పండుగ నాడు, చర్చీలు నిండి ఉన్నప్పుడు లిస్బన్ నగరం కంపించి కూలింది. అంతా మన మంచికే అనే తత్వాన్ని ఖండిస్తూ వోల్టేర్ కావ్యమే రాశాడు. దానికి రూసో ఉత్తరం రాస్తూ వేరే దారి పట్టాడు: అన్నేసి అంతస్తుల ఇళ్ళు ఒకచోట కిక్కిరిసి కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు. ఇళ్ళు ఎక్కడ, ఎలా కట్టాలన్నది మనుషుల చేతిలోనే ఉంది. మనిషికి స్వేచ్ఛ ఉందా అనే ఆ ప్రశ్నే నన్ను లిస్బన్ నుంచి దివిసీమకు తెస్తుంది.

1864 నవంబర్ 1న బందరు ఉప్పెన వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. పక్కనే ఉన్న సముద్రం ఏం చేయగలదో మనకు 113 ఏళ్ళ ముందే తెలుసు. 1977లో తుపాను హెచ్చరిక రేడియోలో వచ్చింది. విన్నవాడు మాత్రం పోవడానికి చోటేది? ఎక్కి నిలబడే మేడ ఎన్ని పాలేల్లో ఉంది? ఎక్కువగా పోయింది తాటాకు గుడిసెల వాళ్ళు, పల్లపు నేలలో ఉన్న బెస్తలు, కూలీలు. వాళ్ళను అక్కడ ఉంచింది పూర్వజన్మ కాదు. గట్టి ఇల్లు, మెరక నేల ఎవరికి దక్కాలో నిర్ణయించింది మనుషులే.

మనిషి స్వేచ్ఛకు ఇంకో ముఖమూ ఇక్కడే చూశాం. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఉబ్బిన శవాలను మోసి దహనం చేశారు. మదర్ థెరిసా వచ్చారు. సినిమా నటులు రామారావు, నాగేశ్వరరావు బాధితుల కోసం జోలె పట్టారు. ఈ సీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ మనుషుల్ని మళ్ళీ నిలబెట్టడానికి తిరిగిన తిరుగుడు మీలో పెద్దలకు గుర్తుంది.

1990 మే నెలలో మళ్ళీ అంతటి తుపానే ఇదే తీరాన్ని తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. తలదాచుకోవడానికి తుపాను షెల్టర్లున్నాయి. మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. అవీ ప్రాణాలే, తక్కువని అనను. కానీ సముద్రం అదే, దేవుడూ ఆయనే. మారింది మనం.

గోడవైపు పటం తిప్పిన ఆ పెద్దావిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పటాన్ని తిప్పమని ఆవిడకు చెప్పే అర్హత నాకూ లేదు, మీలో ఎవరికీ లేదు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఇళ్ళకు వెళ్ళేదారిలో మీ ఊరి తుపాను షెల్టర్ దగ్గర ఆగండి. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. లోపల ఎరువుల బస్తాలుంటే రేపు పొద్దున్నే తీయించండి.